మెషిన్ పళ్ళ కింద మసి

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు అక్క అంది, ఆ కుట్టుమెషిన్ ఊరికే మూల పడి ఉంది కదరా, ఎవరికైనా ఇచ్చేద్దాం, ఇచ్చేముందు ఒకసారి బాగు చేయించు అని. సరేనని మధురవాడలో మెషిన్లు రిపేరు చేసే పెద్దాయన్ని ఇంటికి పిలిచాను. ఆయన కింద బాసింపట్టు వేసుకుని కూచుని, సూది కింద ఉండే చిన్న ప్లేటు స్క్రూలు విప్పి పైకి లేపాడు. లోపల బట్టని ముందుకి లాగే పళ్ళుంటాయి కదా, వాటి మధ్యలో నూలు పీచంతా అణిగిపోయి చాప ముక్కలా గట్టిపడి ఉంది. సూదిమొనతో దాన్ని ఒకే ముక్కగా పైకి తీసాడు. పైపైన ఎరుపూ ఆకుపచ్చా నీలం నూలు, కింద మాత్రం నల్లగా, కాస్త మెరుస్తూ. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి "పోర్టు సైడ్ మెషినా బావూ ఇది?" అన్నాడు.

జ్ఞానాపురం అన్నాను.

"అదీ. మల్కాపురం మెషిన్లకైతే ఇంకోలాగుంటది, జిడ్డుగా. ఇది బొగ్గు."

అప్పుడొచ్చింది ఆ వాసన. మెషిన్ ఆయిలూ, తడిసిన బొగ్గూ కలిసిన వాసన. మేం ఆ ఇల్లు వదిలేసి ఇరవై ఏళ్ళు దాటింది, ఆ మెషిన్ మాతోపాటు రెండిళ్ళు మారింది, అమ్మ చివర్లో దాన్ని ముట్టుకోవడమే మానేసింది, అయినా ఆ నలుపు అందులో అలాగే కూచుని ఉంది. పెద్దాయన ఆ ముక్కని చెత్తలో పడేయబోతుంటే ఎందుకో వద్దన్నాను. ఇప్పుడు నా టేబుల్ మీద కాగితంలో చుట్టి ఉంది, మా ఆవిడ రెండుసార్లు అడిగింది ఏంటది పారేయచ్చా అని.

*

మాది స్టేషన్ వెనకాల వీధి. ఇప్పుడు విశాఖపట్నం స్టేషన్ అంటున్నారు గానీ మా నాన్న చివరిదాకా వాల్తేరు స్టేషన్ అనే అనేవాడు. ఒకపక్క రైలు పట్టాలు, ఇంకోపక్క హార్బర్ యార్డులు, మధ్యలో మేము. రెండు గదులు, పెంకులు, అరుగు, వీధి చివర కుళాయి. తెల్లారగట్ల చర్చి గంట, తర్వాత షిఫ్టు సైరన్, రాత్రంతా షంటింగ్. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆ చప్పుడు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దడదడమని పరిగెత్తేది. చుట్టాలెవరైనా వస్తే నిద్రపట్టక పొద్దున్నే మొహాలు వేలాడేసుకునేవారు. ఏ రాత్రైనా ఆ చప్పుడు లేదంటే సమ్మె మొదలైందన్నమాట, అమ్మ లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకునేది.

డిసెంబర్ 31 అర్ధరాత్రి మాత్రం హార్బర్లో ఉన్న ఓడలన్నీ ఒకేసారి హారన్ కొట్టేవి. మేం అరుగు మీద నిలబడి, ఇది పెద్ద ఓడ, ఇది టగ్గు అని చెప్పుకునేవాళ్ళం.

నాన్న డాక్ లేబర్ బోర్డులో కళాసీ. ఏ ఓడ వచ్చిందో ఆయన చొక్కా చూసి చెప్పేసేవాళ్ళం. బైలదిల్లా నుంచి కిరండోల్ లైన్లో వచ్చే ఇనప ఖనిజం జపాన్ వెళ్ళేది, ఆ యార్డు పక్కనుంచి వస్తే ఎర్ర చొక్కా. ఆస్ట్రేలియా నుంచి స్టీలు ప్లాంట్లకి బొగ్గొచ్చేది, అప్పుడు నల్ల చొక్కా. ఎరువుల కోసం గంధకం వచ్చిన రోజున పసుపు చొక్కా, ఎర్ర కళ్ళు. గంధకం ఓడ అంటే అక్కకి ఏడుపు, ఎందుకంటే నాన్న వచ్చి ఆ చేతులతో దాన్ని ఎత్తుకుంటే దాని కాళ్ళ వెండి పట్టీలు రెండ్రోజుల్లో నల్లబడిపోయేవి. అమ్మ విభూతి పెట్టి తోమేది, మళ్ళీ ఓడొచ్చేది. నాన్నకి మాత్రం ఏ రంగైనా ఒకటే, ఇంటికి రాగానే బెల్లం ముక్క నోట్లో వేసుకుని కూచునేవాడు. గొంతులో ఉన్న దుమ్ముని బెల్లం లాగేస్తుందని గ్యాంగంతా నమ్మేది. లాగిందో లేదో గానీ ఆయన ఉమ్మి చాలా ఏళ్ళు నల్లగానే ఉండేది.

*

అమ్మ జాకెట్లు కుట్టేది. మా వీధి జాకెట్లకి డబ్బులు రావు, వచ్చినా నెలాఖరున వస్తాయి, అందుకని వాల్తేరు అప్‌ల్యాండ్స్, సిరిపురం వైపు నాలుగైదు ఇళ్ళు పట్టుకుంది. ఆదివారం నన్ను తోడు తీసుకుని వెళ్ళి ఆది జాకెట్టూ బట్టా తెచ్చుకునేది, మళ్ళీ ఆదివారం ఇచ్చేది. సిటీ బస్సు జగదాంబ దాటి పైకెక్కుతుంటే చెట్లు మొదలయ్యేవి. అక్కడి ఇళ్ళల్లో ఒక వింత ఏంటంటే కిటికీలు తీసి ఉండేవి. పగలు, మధ్యాహ్నం, అన్నీ బార్లా తీసి, తెల్ల కర్టెన్లు ఊగుతూ. ఒకావిడ డాబా మీద తెల్ల దుప్పట్లు వరసగా ఆరేసి ఉంటే అమ్మ గేటు దగ్గరే ఆగి, పైకి చూసి, "ఎంత ధైర్యమో చూడు ఈవిడికి" అంది. నాకు చాలాకాలం ఆ మాట అర్థం కాలేదు.

ఎందుకంటే మా ఇంట్లో బట్టలారేయడానికి ఒక లెక్క ఉండేది. అమ్మ బకెట్టు అరుగు మీద పెట్టి, హార్బర్ అవతల చిమ్నీల పొగ ఎటు వంగిందో చూసేది. మనవైపు వంగితే బట్టలు లోపల తాళ్ళ మీదకి, అటు వంగితే బయటకి, అది కూడా గంటన్నరలో తీసెయ్యాలి. నైరుతి గాలి మొదలయ్యాక అది హార్బర్ మీంచి వచ్చి మా పెంకుల మీదే దిగేది. చలికాలంలో అసలు గాలే ఉండదు. ఊరు కట్టింది ఎక్కడో చూడండి, ఇటు డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండ, అటు సింహాచలం నుంచి కైలాసగిరి దాకా కొండల వరస, మధ్యలో పల్లం. ఒకప్పుడది ఉప్పునీటి చిత్తడి, దాన్ని తవ్వి 1933లో పోర్టు తెరిచారు, ఆ తర్వాత షిప్‌యార్డూ రిఫైనరీ ఎరువులూ జింకూ అన్నీ ఆ పల్లం చుట్టూతానే వచ్చాయి. చలిరాత్రి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి, పొగా దుమ్మూ పైకి పోవడానికి దారుండదు. నాన్న దీన్ని "గిన్ని మీద మూతెట్టీసినట్టు" అనేవాడు. నేను తర్వాత కాలేజీలో ఇన్వర్షన్ అని చదువుకున్నాను, నాన్న చెప్పిందానికన్నా కొత్తగా అందులో ఏం లేదు.

అప్‌ల్యాండ్స్ అన్న పేరులోనే ఉంది, మిట్ట మీద ఉండేవాళ్ళు అని. తెల్లదొరలు వెతికి వెతికి అక్కడ బంగళాలు కట్టుకున్నారు, వాళ్ళ తర్వాత మన దొరలు.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, ఒకసారి సిరిపురంలో ఒకావిడ కూతురి పెళ్ళికి పది జాకెట్లిచ్చింది. పది అంటే మా ఇంట్లో పండగ. అందులో రెండు తెల్లవి, ఒకటి మీగడ రంగు పట్టు. అమ్మ వాటిని కిటికీ మూసేసి, పగుళ్ళలో పాత గుడ్డలు కుక్కి, రాత్రి బల్బు కింద కుట్టింది. కుట్టినవాటిని న్యూస్‌పేపర్లో చుట్టి, ఆ పైన పాలిథిన్ కవర్, ఆ పైన బిస్కెట్ల రేకు డబ్బా. అంత చేసినా ఆదివారం ఆవిడ హాల్లో నిలబడి మీగడ రంగు జాకెట్టు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "టైలరమ్మా, ఇది బొగ్గుల కుంపటి మీద ఆరబెట్టావా ఏంటి, వాసనొస్తోంది" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. చంకలో కుట్టు దగ్గర సన్నగా బూడిదరంగు గీత కూడా ఉంది, మెషిన్ పళ్ళు పట్టి లాగిన చోట రెండు వరసల్లో చుక్కలు చుక్కలుగా. ఉతికితే పోతుందమ్మగారూ అంది అమ్మ. పట్టు ఎలా ఉతుకుతావు అంది ఆవిడ. డబ్బులు తొమ్మిది జాకెట్లకే ఇచ్చింది, పట్టుబట్ట ఖరీదు నెలనెలా కోసుకుంటానంది, కోసుకుంది కూడా.

బస్సులో అమ్మ నాతో ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చి మెషిన్ ప్లేటు విప్పి, అగ్గిపుల్లతో పళ్ళ మధ్య గీకి గీకి శుభ్రం చేసింది. ఆ తర్వాత తెల్లబట్ట వచ్చిన ప్రతిసారీ ముందు అదే పని. నేను పదో క్లాసుకి వచ్చేసరికి అగ్గిపుల్లలు నేనే అందించేవాణ్ణి. ఆ నల్ల చాప ముక్క చూడగానే నాకు ముందు అనిపించింది అదే, అమ్మ గీకడం మానేసి ఎన్నాళ్ళైందో అని.

*

మా వీధిలో ఒక మేడ మీద కొన్నాళ్ళు గాలి కొలిచే మెషిన్ పెట్టారు. కుక్కగూడంత రేకు డబ్బా, పైన వాలు కప్పు, ఆన్ చేస్తే వాక్యూమ్ క్లీనర్లా గోల. వారానికి రెండ్రోజులు తిరిగేది, ఒక కుర్రాడొచ్చి ఎనిమిదేసి గంటలకొకసారి లోపల తెల్లకాగితం మార్చేవాడు. మేం పిల్లలం మేడెక్కి చూసేవాళ్ళం. పెట్టేటప్పుడు పెళ్ళికార్డంత తెల్లగా ఉండేది, తీసేటప్పుడు మాడిన అట్టు. దాన్ని జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టి, మీద ఏదో నంబరు రాసి తీసుకుపోయేవాడు, తూకం వేస్తారంట.

అమ్మ ఒకసారి ఆ కుర్రాడికి మజ్జిగిచ్చి అడిగింది, "బావూ, ఈ కాయితాలు ఏటి సేస్తారు?"

"రిపోర్టు రాస్తారమ్మా."

"రాసి?"

కుర్రాడు నవ్వేసాడు పాపం. అమ్మ లోపలికెళ్ళి నాన్న బనీను తెచ్చి చూపించింది, మీకు రోజూ ఇదిస్తాను, తూకమేసుకోండి, కరెంటు ఖర్చు మిగుల్తాది అని.

చాలా ఏళ్ళ తర్వాత, 2009లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశం మొత్తమ్మీద 43 పారిశ్రామిక ప్రాంతాలని తీవ్రంగా కలుషితమైనవని లెక్క తేల్చింది, అందులో విశాఖ ఉంది. పేపర్లో వస్తే అమ్మకి చదివి వినిపించాను. కళ్ళజోడు తుడుచుకుంటూ "ఆ కాయితాలన్నీ ఇప్పటికి తూకమేసారన్నమాట" అంది.

*

ధర్నా సంగతి చెప్పాలి. మా వీధి మీంచి బొగ్గు లారీలు వెళ్ళేవి, పైన పట్టా ఉండదు, గోపురంలా నింపేసి గతుకుల్లో ఊగుతూ వెళ్తుంటే చారెడు చారెడు రాలేది. పిల్లలు దాన్ని ఏరి అమ్ముకునేవారు, అది వేరే కథ. ఒక ఎండాకాలం రెండు మూడిళ్ళల్లో చంటిపిల్లలకి ఆయాసం వచ్చి ఆసుపత్రికి తిరుగుతున్నారు, అప్పుడు ఆడవాళ్ళు అర్జీ పెడదామనుకున్నారు. రాసింది నేనే, తొమ్మిదో క్లాసు తెలుగులో, గౌరవనీయులైన అయ్యా అని మొదలెట్టి. లారీలకి టార్పాలిన్ కట్టాలి, రోజుకి రెండుసార్లు రోడ్డు తడపాలి, రాత్రి పదింటి తర్వాత లోడు ఎత్తకూడదు. సంతకాలూ వేలిముద్రలూ కలిపి నాలుగు పేజీలు. అది ఏ ఆఫీసుకి తీసుకెళ్ళినా పక్క ఆఫీసు చూపించారు. రోడ్డు మాది కాదంటే మాది కాదు, దుమ్ము మీదా మాదా అని వాళ్ళల్లో వాళ్ళే. ఆఖరికి ఒక పొద్దున్న అమ్మా, పక్కింటి అప్పా, ఇంకో ముప్పై మంది ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుని రోడ్డుకడ్డంగా కూచున్నారు.

మగవాళ్ళు ఒక్కరు రాలేదు. రాలేరు కూడా, అది అప్పుడే అర్థమైంది నాకు. లారీలాగితే యార్డు ఖాళీ అవదు, యార్డు ఖాళీ అవకపోతే ఓడ దింపరు, ఓడ దింపకపోతే గ్యాంగుకి పీస్‌రేటు పడదు. ఆ రోజు నాన్నకి మధ్యాహ్నం షిఫ్టు. క్యారేజీ పట్టుకుని వీధి చివరికొచ్చి, రోడ్డు మీద కూచున్న అమ్మని చూసి ఆగిపోయాడు. అమ్మ కూడా చూసింది. నేను అరుగు మీంచి ఇద్దర్నీ చూస్తున్నాను. ఆయన కాసేపు నిలబడి, లుంగీ సర్దుకుని, పట్టాల వైపు సందులోంచి చుట్టూ తిరిగి పనిలోకి పోయాడు. రాత్రి వచ్చాక ఎవరూ దాని గురించి ఎత్తలేదు, అమ్మ అన్నం పెట్టింది, ఆయన తిన్నాడు, బెల్లం ముక్క మాత్రం అమ్మ ఇవ్వలేదు, ఆయనే లేచి డబ్బా వెతుక్కున్నాడు.

ధర్నా వల్ల నీళ్ళ ట్యాంకరొచ్చింది. రెండు వారాలు పొద్దునా సాయంత్రం రోడ్డు తడిపారు, ఆ బురద మా గడపల్లోకొచ్చింది, ట్యాంకర్ మానేసాక ఆ బురదే ఎండి లేచింది. టార్పాలిన్లు మాత్రం కొన్ని లారీలకి నిజంగానే కట్టారు, అది చెప్పకపోతే పాపం.

*

ఇంకో పొద్దున్న. 1997 సెప్టెంబర్, ఆదివారం, ఆరు దాటింది, ఇంకా ఎవరూ సరిగ్గా లేవలేదు. హార్బర్ అవతల పెద్ద శబ్దం, మా పెంకులు కదిలాయి, ఒకటి అరుగు మీద పడి పగిలింది. బయటికొచ్చి చూస్తే ఆకాశంలోకి నల్లటి స్తంభం. రిఫైనరీలో గ్యాస్ అంటుకుందని తర్వాత తెలిసింది. దాదాపు 60 మంది పోయారు. ఆ రోజు మల్కాపురం, శ్రీహరిపురం జనం ఏది దొరికితే అది పట్టుకుని రోడ్డెక్కారు, సింహాచలం వైపు కొందరు, అనకాపల్లి వైపు కొందరు, ఊరే ఖాళీ అయినట్టుంది. మల్కాపురంలో ఉండే మా పిన్ని ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నడిచి మా ఇంటికొచ్చేసింది, కాళ్ళకి చెప్పుల్లేవు, భుజానికి మాత్రం పిల్లల స్కూలు బ్యాగులు రెండూ ఉన్నాయి, సోమవారం బడుందని. ఆ మంట ఆరడానికి రోజులు పట్టింది, అన్నాళ్ళూ మా రెండు గదుల్లో పదకొండు మందిమి. గాలి బాగుంటుందని మా ఇంటికి వచ్చిన చుట్టాలు ప్రపంచంలో వాళ్ళొక్కరే అని నాన్న జోకేసాడు, పిన్ని నవ్వడానికి ఒక పూట పట్టింది.

2020 మేలో వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయినప్పుడు పిన్ని ఫోన్ చేసింది నాకు. ఏం మాట్లాడలేదు పెద్దగా, "మళ్ళీ నిద్రలోనేరా" అంది.

*

నాన్న వీఆర్ఎస్ తీసుకున్నాక వచ్చిన డబ్బూ, నా లోనూ కలిపి మధురవాడలో ఫ్లాట్ కొన్నాం. నాన్న అక్కడ రెండేళ్ళే ఉన్నాడు, దగ్గుతూనే. డాక్టర్ ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి ఏం పని చేసేవారండీ అని అడిగాడు, సమాధానం వినకుండానే రాసుకోవడం మొదలెట్టాడు.

అమ్మ మొదటి రోజు చేసిన పని గుర్తుంది. గృహప్రవేశం పాలు పొంగించి, మిగతావాళ్ళు భోజనాల్లో ఉంటే, బకెట్టు పట్టుకుని టెర్రస్ ఎక్కింది. పైకెళ్ళి చూస్తే బట్టలారేయకుండా నిలబడి దిక్కులు చూస్తోంది. ఏంటమ్మా అంటే, "చిమ్నీ ఎక్కడుందిరా?" అంది. ఇక్కడ లేవమ్మా అన్నాను. అయినా గంటన్నరకల్లా తీసేసింది, ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

ఇప్పుడు మధురవాడలో ఆ గాలి కూడా లేదులెండి. కొండ తొలిచి లేఅవుట్లు వేసారు, ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే లేస్తున్నాయి, సిమెంటు దుమ్ము. 2014 హుద్‌హుద్ తుఫానుకి కొండల మీద చెట్లన్నీ మాడిపోయినట్టు గోధుమరంగులోకి తిరిగాయి, చాలా చెట్లు మళ్ళీ లేవలేదు. నేను పొద్దున్నే వాకింగుకి వెళ్ళేముందు ఫోన్లో గాలి నంబరు చూసుకుంటాను, మా ఆవిడ ఎయిర్ ప్యూరిఫయర్ కొందామంటోంది. ఆ నంబరు రామ్‌నగర్లో కార్పొరేషన్ ఆఫీసు దగ్గరున్న మీటరుది. పీఎం 10, అంటే గాల్లో ఉండే సన్నటి దుమ్ము, రోజు సగటు క్యూబిక్ మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు, దాటిన రోజు నేను వాకింగ్ మానేస్తాను. జ్ఞానాపురంలో ఇడ్లీ బండి పెట్టుకున్నాయన ఏం మానేస్తాడో నాకు తెలీదు. 2019లో కేంద్రం మొదలెట్టిన క్లీన్ ఎయిర్ ప్రోగ్రాంలో మన ఊరూ ఉంది, రోడ్లూడ్చే పెద్ద మెషిన్లు కూడా తిరుగుతున్నాయి, నాకైతే అవి ఎప్పుడూ బీచ్ రోడ్డు మీదే కనిపిస్తాయి. బహుశా నేను తిరిగేది అటే కాబట్టేమో.

*

మెషిన్ ఎవరికివ్వాలా అని అక్కా నేనూ అనుకుంటుంటే పాత వీధి పక్కింటి అప్ప గుర్తొచ్చింది. ధర్నాలో అమ్మ పక్కన కూచున్నావిడ. ఆవిడ పోయింది గానీ కోడలు ఫాల్సులూ జాకెట్లూ కుడుతోందని, అద్దె మెషినని తెలిసింది. ఫోన్ చేస్తే సంబరపడిపోయింది. మొన్న ఆదివారం ఆటోలో వేసుకుని నేనే తీసుకెళ్ళాను.

వీధి చాలా మారింది. పెంకులు పోయి డాబాలొచ్చాయి, కుళాయి పోయి ప్రతి ఇంటికీ మోటారు. హార్బర్లో బొగ్గు ఇప్పుడు కన్వేయర్ బెల్టుల మీద పోతోంది, గుట్టల మీద నీళ్ళు చిమ్మే గొట్టాలున్నాయి, గ్యాంగులు లేవు, డాక్ లేబర్ బోర్డే పోర్టులో కలిసిపోయింది. మగపిల్లలు జొమాటో బ్యాగులేసుకుని బళ్ళ మీద సిరిపురం వైపు పోతున్నారు. మా అరుగున్న చోట ఎవరిదో మెట్లు. ఊరికే ఆ మెట్ల మీద చెయ్యేసాను, అలవాటుగా వేలు చూసుకున్నాను. ఇంకా ఉంది. మునుపంత లేదు, ఉంది.

మెషిన్ లోపలికి మోసుకెళ్ళి, వెలుతురు బాగుందని కిటికీ కింద దించబోయాను. ఆ అమ్మాయి చంకలో పిల్లాణ్ణి వేసుకుని గబగబా అడ్డమొచ్చింది.

"అక్కడొద్దు బాబాయ్," అంది, "అటేపు నుంచే వస్తది. ఈ గోడకెట్టండి, లైటేసుకుంటాను."